రెండో టిక్కు

నా నోటు పుస్తకం ఒకే ఒక్క ఫైలు. దాని పేరు టిడ్లీవికీ. బ్రౌజరులో తెరుచుకుంటుంది, రాసుకోవడమూ అక్కడే. దానికి ఇంటర్నెట్టు అక్కర్లేదు, ఖాతా అక్కర్లేదు, నెలనెలా చందా కట్టే పనిలేదు. ఇంగ్లండుకు చెందిన జెరమీ రస్టన్ అనే ప్రోగ్రామరు 2004 సెప్టెంబరులో దీన్ని మొదటిసారి బయటపెట్టాడు. రాసే పలక, రాసిన రాత, ఆ రాతను వెతికి తీసే యంత్రం, అన్నీ ఆ ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు కడుపులోనే ఉంటాయి. ఏమీ రాయని పుస్తకం రెండు మెగాబైట్ల పైచిలుకు. ఇప్పటి ఫోను తీసే ఫోటోలు చాలావరకు అంతకన్నా బరువే.

ఇందులో పేజీలుండవు, చీటీలుంటాయి. వాళ్ళు టిడ్లర్ అంటారు, నాకు చీటీ అనడమే అలవాటు. ఒక్కో చీటీలో ఒక్కో సంగతి రాసి, ఒకదానికొకటి ముడిపెట్టుకుంటూ పోవచ్చు. ఎంత చిన్న ముక్కగా రాస్తే అంత బాగా మళ్ళీ వాడుకోవచ్చన్నది రస్టన్ పట్టుకున్న సూత్రం. ఈ సుఖాలన్నీ వాడినవాళ్ళు ఎలాగూ చెబుతారు. నన్ను ఇన్నాళ్ళుగా ఆలోచింపజేస్తున్నది మాత్రం దీనిలో సేవ్ చేయడమనే చిన్న పని. అది చూడబోతే చిన్నదీ కాదు, ఒక్క పనీ కాదు.

మా ఊరు పెరియపాళయం. చెన్నై నుంచి జనప్పన్‌చత్రం మలుపు తిరిగి, ఊత్తుకోట, నాగలాపురం మీదుగా తిరుపతికి పోయే దారిలో, ఆరణియారు ఒడ్డున ఉంటుంది. భవాని అమ్మవారి గుడి ఉన్న ఊరంటే వెంటనే గుర్తుపడతారు. ఆడి నెలలో ఆదివారాలు రోడ్డు మీద బండి కదలదు. పొంగలి పెట్టేవాళ్ళు, వేపాకు చీర కట్టుకుని ప్రదక్షిణ చేసేవాళ్ళు, తలనీలాలిచ్చేవాళ్ళు. చెన్నపట్నం, నెల్లూరు, చిత్తూరు వైపుల నుంచి వచ్చిన ఆ జనంలో తెలుగు గట్టిగానే వినబడుతుంది. ఆ రోజుల్లో సెల్లు టవరు చేతులెత్తేస్తుంది. ఎక్కడో దూరాన ఉన్న సర్వర్లలో నోట్సు దాచుకున్నవాళ్ళు తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చోవాలి. నా ఫైలు నా లాప్‌టాప్‌లోనే ఉంటుంది గనక తెరుచుకుంటుంది. నేను దీన్ని పట్టుకుని ఉండటానికి మొదటి కారణం ఇంత మామూలుది.

రెండో కారణం అందులో ఉన్న సరుకు. మా ఇళ్ళలో తెలుగు మాట్లాడతాం, బయట అరవం. 1960 ఏప్రిల్ 1న హద్దులు మార్చినప్పుడు చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది; ఇటు పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాల ఊళ్ళు కొన్ని ఆంధ్రలోకి పోయాయి. గీత అటూ ఇటూ జరిగింది గానీ చుట్టరికాలు జరగలేదు. సత్యవేడులో మేనత్త, తిరుత్తణిలో చిన్నమ్మ, ఊత్తుకోటలో వియ్యపురాలు ఉన్న ఇళ్ళు ఇక్కడ ఎన్నో. వీళ్ళ నోట్లోని తెలుగు ఇటు బెజవాడ పత్రికల్లోదీ కాదు, అటు చిత్తూరుదీ పూర్తిగా కాదు. ఆ మాటలు, పెళ్ళిళ్ళలో పాడే పాటల జాడలు, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏ పొలం ఏ దస్తావేజులో ఏ పేరుతో ఉంది, ఇవన్నీ నా చీటీల్లో ఉన్నాయి. చెప్పినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. కాబట్టి నాకు సేవ్ అన్నది బొమ్మ నొక్కే పని మాత్రమే అనిపించదు.

ఇక అసలు సంగతి. ఈ పుస్తకంలో టిక్కులు రెండు. చీటీ మీద పెన్సిలు గుర్తు నొక్కితే రాసే పెట్టె తెరుచుకుంటుంది. రాసి, చీటీ నెత్తినున్న టిక్కు నొక్కితే పెట్టె మూసుకుపోయి, రాత అచ్చుకొట్టినట్టు నిలబడుతుంది. పని అయిపోయిందనే అనిపిస్తుంది. కాలేదు. ఆ రాత ఇంకా ఆ ట్యాబు జ్ఞాపకంలోనే, అంటే కంప్యూటరు ర్యామ్‌లోనే ఉంది. పక్క పట్టీలో ఇంకో టిక్కు, గుండ్రంగా ఉండేది, అప్పటికి ఎర్రబడి ఉంటుంది. దాన్ని కూడా నొక్కితేనే రాత ర్యామ్ దాటి ఫైలులోకి పోతుంది. మొదటి టిక్కు చీటీకి, రెండోది పుస్తకానికి. మధ్యలో కరెంటు పోతే మొదటి టిక్కు మీద పెట్టుకున్న నమ్మకమంతా దానితోపాటే పోతుంది.

తిరుత్తణిలో మా చిన్నమ్మ కొడుకు బోరు మోటార్లు రివైండింగ్ చేస్తాడు. కాలిన కాయిలు విప్పేటప్పుడు ఏ గేజి వైరు, ఎన్ని చుట్లు, ఏ స్లాటు నుంచి ఏ స్లాటుకు అన్నది రాసుకోకపోతే మళ్ళీ చుట్టడం కుదరదు. పాత మోటార్ల మీద రేకు కూడా ఊడిపోయి ఉంటుంది గనక ఆ లెక్కే వాడికి ఆస్తి. జిడ్డు చేతులతో పట్టుకున్న అట్ట పుస్తకాలు చిరిగిపోతున్నాయని, నన్ను చూసి వాడూ ఈ ఫైలులోకి దిగాడు. ఒకరోజు సాయంత్రం ఫోను.

"అక్కా, పొద్దున్నుంచి విప్పిన మోటార్ల లెక్కంతా ఎక్కించాను. టిక్కు కొట్టాను. తెరిచి చూస్తే ఒక్కటీ లేదే?"

"ఏ టిక్కు కొట్టావు?"

"ఎన్ని టిక్కులుంటాయక్కా!"

వాడి ప్రశ్న నాకిప్పటికీ న్యాయంగానే తోస్తుంది. ట్యాబు మూసేటప్పుడు, సేవ్ కాని మార్పులున్నాయి, పోతారా ఉంటారా అని బ్రౌజరు అడిగిందట. రోజుకు పది సైట్లు అలాంటి పెట్టెలు చూపించి ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాయి గనక, వీడు చదవకుండా పోతానన్నాడు. వాడి అదృష్టం, విప్పిన కాయిళ్ళు ఇంకా మూలనే పడున్నాయి. రాత్రి కూర్చుని మళ్ళీ లెక్కపెట్టాడు. పోయింది మా అవ్వ చెప్పిన పాటయితే ఎక్కడికి పోయి లెక్కపెట్టుకునేవాణ్ణి అని మర్నాడు వాడే అన్నాడు.

బ్రౌజరు ఎందుకిలా మొండికేస్తుంది? తెరిచిన ఫైలులోకే తిరిగి రాయడానికి దానికేం కష్టం? కష్టం లేదు, అనుమతి లేదు. బ్రౌజరులో తెరుచుకునే పేజీల్లో నూటికి తొంభైతొమ్మిది పరాయివి. ఎవరు రాశారో, లోపల ఏ ప్రోగ్రాము నడుస్తోందో మనకు తెలియదు. అలాంటి పేజీకి మన డిస్కు మీద రాసే హక్కు ఇస్తే ఒక్క క్లిక్కుతో మన ఫైళ్ళన్నీ దానివే. అందుకే 1990ల నుంచీ బ్రౌజర్లు చేసేవాళ్ళు పేజీని నాలుగు గోడల మధ్య కట్టేస్తూ వచ్చారు. మన సొంత ఫైలు కూడా ఆ గోడల మధ్యే తెరుచుకుంటుంది. ఇది ఇంటివాడి పుస్తకం, అది బయటివాడి పేజీ అన్న తేడా బ్రౌజరుకు తెలియదు. నన్నడిగితే ఆ నియమం మంచిదే. దాని ఖర్చు మాత్రం మనలాంటివాళ్ళు భరించాలి.

ఆ గోడల్లో తలుపులు వెతుక్కోవడమే ఈ పుస్తకం చరిత్ర సగం. మొదట్లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో యాక్టివ్ఎక్స్ అనే దారి, ఫైర్‌ఫాక్సులో ఇంకో దారి, మిగతా బ్రౌజర్లలో టిడ్లీసేవర్ అనే చిన్న జావా ముక్క ఫైలు పక్కన పెట్టుకుంటే ఒక దారి ఉండేవి. ఆ తలుపులన్నీ ఒక్కొక్కటే మూతపడ్డాయి. తర్వాత చాలామంది టిడ్లీఫాక్స్ అనే పొడిగింపును నమ్ముకున్నారు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్సు 57 వచ్చింది; పాతరకం పొడిగింపులన్నిటితోపాటు అదీ ఆగిపోయింది. నిన్నటిదాకా ఎర్ర టిక్కు నొక్కగానే ఉన్నచోటే సేవ్ అయిన పుస్తకం మర్నాటి నుంచి డౌన్‌లోడ్స్ ఫోల్డరులో కొత్త కాపీ పడేయడం మొదలుపెట్టింది. వాడేవాళ్ళు ఏమీ మార్చలేదు. బ్రౌజరు తనంతట తానే కొత్త వెర్షనుకు మారింది, అంతే. ఆ మర్నాడు పాత ఫైలు తెరుచుకుని నిన్నటి రాత ఏదని వెతుక్కున్నవాళ్ళ అవస్థ నేను ఊహించగలను.

ఇప్పుడున్న దారులు వేరు. టిడ్లీడెస్క్‌టాప్ అనే సొంత కిటికీలో తెరిస్తే ఉన్నచోటే సేవ్ అవుతుంది. టిమిమి అనే పొడిగింపూ, దానికి తోడుగా కంప్యూటరులో పెట్టుకునే చిన్న ప్రోగ్రామూ కలిసి అదే పని చేస్తాయి. ఆండ్రాయిడ్ ఫోనుకు టిడ్లాయిడ్, ఐఫోనుకు క్వైన్. కాస్త చేయి తిరిగినవాళ్ళు నోడ్ జేఎస్ మీద నడుపుకుంటారు. 2020లో క్రోమ్ 86 నుంచి ఇంకో పద్ధతి వచ్చింది: ఫలానా ఫైలులో రాయవచ్చా అని బ్రౌజరు అడుగుతుంది, మనం సరే అంటే ఆ ఒక్క ఫైలుకే తలుపు తీస్తుంది. ఇది బాగుంది. గోడ అలాగే ఉంది, ఇంటివాణ్ణి అడిగే మర్యాద కొత్తగా వచ్చింది.

ఇవేవీ పెట్టుకోనివాళ్ళకు మిగిలేది డౌన్‌లోడే. చాలామంది అక్కడే ఉంటారు, మా తమ్ముడూ మొదట్లో అక్కడే ఉండేవాడు. ఎర్ర టిక్కు నొక్కినప్పుడల్లా ఒక పూర్తి పుస్తకం డౌన్‌లోడ్స్‌లో పడుతుంది. అదే పేరుతో అప్పటికే ఒకటి ఉంటే బ్రౌజరు పక్కన కుండలీకరణాల్లో ఒకటి, రెండు, మూడు అని అంకె తగిలిస్తుంది. కొంతకాలానికి ఆ ఫోల్డరులో ఒకే పుస్తకం ముప్పై రూపాల్లో ఉంటుంది. ఏది అసలు? పెద్ద అంకె ఉన్నదే కొత్తదనుకుంటాం. మధ్యలో ఎప్పుడో రెండు మూడు తుడిచేస్తే ఖాళీ అయిన అంకెలు మళ్ళీ వాడుకలోకి వస్తాయి; అప్పుడు ఒకటి అంకె ఉన్నదే తొమ్మిది కన్నా కొత్తది కావచ్చు. అంకెను నమ్మకూడదు, తేదీని నమ్మాలి. అసలు ఈ తంటా తగ్గాలంటే బ్రౌజరు సెట్టింగుల్లో ప్రతి ఫైలూ ఎక్కడ పెట్టాలో అడగమనే మాట ఒకటుంటుంది. దాన్ని పెట్టుకుంటే సేవ్ చేసినప్పుడల్లా పాత ఫైలునే చూపించి దాని మీదే రాయించవచ్చు. అదనంగా ఒక్క నొక్కు. ఆ ఒక్క నొక్కు బద్ధకమయ్యేవాళ్ళే ముప్పై కాపీల మధ్య గంటలు పోగొట్టుకుంటారు.

నకళ్ళ గొడవ కంప్యూటరుతో వచ్చింది కాదు. తాటాకు మీద గంటంతో గీస్తే అక్షరం ఉంటుంది గానీ కనబడదు. మసి రుద్ది తుడిస్తేనే నల్లగా తేలుతుంది. అక్కడా పని రెండంచెలే. ఆకు ఎంత బాగా కాపాడినా కొన్ని తరాలకు పురుగో చెమ్మో పట్టుకుంటుంది గనక మళ్ళీ ఎత్తిరాయాలి. ఎత్తిరాసినవాడు చివరి ఆకులో ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథిన ముగించాడో, ఎవరి కోసం రాశాడో చెప్పి, తప్పులుంటే పెద్దలు దిద్దుకోమని వేడుకునేవాడు. ఆ నాలుగు ముక్కలూ లేకపోతే ఇవాళ పరిశోధకులకు ఏ ప్రతి ముందుదో, ఏది వెనకదో తేల్చడం చాలా కష్టమయ్యేది. ఫైలు పేరులో తేదీ పెట్టుకోమని మా తమ్ముడికి చెప్పినప్పుడు నా మనసులో ఉన్నది ఆ ఎత్తిరాసినవాళ్ళే. సంవత్సరం ముందు, నెల తర్వాత, రోజు చివర రాస్తే పేర్లు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి.

నకళ్ళు పెరిగిపోయాక ఏం చేయాలో చూపించినవాడు సి.పి. బ్రౌన్. కడపలోనూ, మచిలీపట్నంలోనూ, మద్రాసులోనూ ఎక్కడున్నా ఒకే గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించేవాడు, జూలూరి అప్పయ్య వంటి పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టేవాడు, ప్రతికీ ప్రతికీ పోల్చి శుద్ధప్రతి రాయించేవాడు. 1829లో ఆయన అచ్చువేయించిన వేమన పద్యాలు అలాంటి పోలికల్లోంచే వచ్చాయి. ఆయన పోగుచేసినవి ఇప్పటికీ చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. మా ఊరి నుంచి బస్సెక్కితే పూటలో చేరవచ్చు. ముప్పై కాపీలున్న ఫోల్డరు ముందు కూర్చున్నవాడు చేయాల్సిందీ ఆ పనే. టిడ్లీవికీలో అందుకు వీలుంది కూడా: ఒక ఫైలును లాగి తెరిచి ఉన్న మరో ఫైలు మీద వదిలితే, లోపలి చీటీలన్నీ జాబితాగా వస్తాయి, కావలసినవి ఎంచుకుని కలుపుకోవచ్చు. అదే పేరున్న చీటీ అక్కడ ఉంటే దాని మీద కొత్తది కూర్చుంటుంది, ఆ ఎంపికలోనే జాగ్రత్త కావాలి. బ్రౌన్ దగ్గర పండితులున్నారు. మనకు మనమే పండితులం.

ఒకే ఫైలు రెండు ట్యాబుల్లో తెరిచి ఉంటే ఇంకో ప్రమాదం. దేనికది తనదే పుస్తకం అనుకుంటుంది. ఇందులో రాసి సేవ్ చేస్తాం, తర్వాత అందులో రాసి సేవ్ చేస్తాం. రెండోది మొదటిదాని మీద కూర్చుంటుంది, ఏ హెచ్చరికా రాదు. ఇంట్లో లాప్‌టాపు, చేతిలో ఫోను, మధ్యలో ఫైళ్ళను అటూ ఇటూ మోసే ఏదో సేవ ఉన్నవాళ్ళకు ఇదే కథ ఇంకొంచెం ఆలస్యంగా జరుగుతుంది. ఒకచోట మూశాకే ఇంకోచోట తెరవడం తప్ప దీనికి నాకు తెలిసిన మందు లేదు. బ్రౌజరు మెనూలో పేజీని సేవ్ చేసే దారి కూడా ఒకటి కనబడుతుంది గానీ అది ఈ పుస్తకానిది కాదు. మార్పులు అందులోకి వస్తాయని ఆశపడకండి.

ఇంత బాధ ఎందుకు, రాస్తుండగానే తనంతట తాను దాచుకునే సేవలు వచ్చి ఎంతకాలమైంది అని ఎవరైనా అడుగుతారు. నేనూ వాడతాను, వాటి మేలు కాదనను. కరెంటు పోయినా చివరి వాక్యం దక్కుతుంది. అయితే అక్కడ దాచడం నా చేతిలోంచి జారి, ఎక్కడో ఉన్న సంస్థ చేతిలోకి పోయింది. వాళ్ళు ఆ సేవ ఆపేస్తామంటే నెలరోజుల గడువిచ్చి ఒక ఈమెయిలు పంపుతారు, అది చదవకపోతే అంతే సంగతులు. ఇంకొకటి కూడా ఉంది. ఎర్ర టిక్కు నొక్కే ముందు నేనొక్క క్షణం ఆగుతాను. ఈ చీటీ ఇలాగే ఉండనిద్దామా, పెద్దమ్మ చెప్పిన మాటకూ నేను రాసినదానికీ తేడా ఉందా అని చూసుకుంటాను. ఆ ఆగడం నాకు ఇష్టం. తనంతట తాను దాచుకునేదానిలో ఆ క్షణం ఉండదు. తప్పు రాసినా, ఒప్పు రాసినా ఒకే వేగంతో లోపలికి పోతుంది. పాత రూపాలు వెనక్కి తెచ్చుకోవచ్చంటారు, నిజమే, కానీ వెనక్కి పోయి చూసేవాళ్ళను నేను పెద్దగా చూడలేదు. టిడ్లీవికీలోనూ ఆటోసేవ్ ఉంది, సరైన దారి పెట్టుకుంటే పనిచేస్తుంది. మా తమ్ముడికి అది పెట్టించాను. నేను పెట్టుకోలేదు.

సేవ్ అయినంత మాత్రాన దక్కిందనుకోవడానికి లేదు. తెలుగులో రాసేవాళ్ళకు ఇది బాగా తెలియాల్సిన విషయం. డీటీపీ కాలంలో పేజ్‌మేకరులో కంపోజు చేసిన తెలుగు పుస్తకాలు వేలు. అప్పటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చుకున్నవి. ఫైలు చెక్కుచెదరకుండా ఉంటుంది, సీడీ కూడా తెరుచుకుంటుంది, కానీ ఆ ఫాంటు లేకపోతే తెర మీద కనబడేది డాలరు గుర్తులూ, శాతం గుర్తులూ, పిచ్చి గీతలూ. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి వెర్షనులోనే తెలుగుకు చోటిచ్చారు. మన ఇళ్ళలోకి, ప్రెస్సుల్లోకి అది దిగేసరికి చాలా ఏళ్ళు పట్టింది. ఈలోగా అలాంటి ఫాంట్లలో పోగైన తెలుగును యూనికోడ్‌లోకి మార్చడానికి వెన్న నాగార్జున పద్మ అనే పనిముట్టు చేయాల్సి వచ్చింది. తెలుగు వికీపీడియాను 2003లో మొదలుపెట్టిందీ ఆయనే. టిడ్లీవికీ ఫైలులో ఉన్నది యూనికోడ్ పాఠం. రేపు బ్రౌజర్లన్నీ దాన్ని నడపనని మొరాయించినా నోట్‌ప్యాడులో తెరిస్తే కోడు గుంపుల మధ్య మన తెలుగు అక్షరాలు అక్షరాలుగానే కనబడతాయి. నేను దీన్ని నమ్మడానికి మిగతా హంగులకన్నా ఇదే పెద్ద కారణం.

అక్షరాలు ఉంటాయి సరే, చదివేవాళ్ళో? తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం బడిలో తమిళం అంచెలంచెలుగా తప్పనిసరై, 2015-16 నాటికి పదో తరగతి దాకా వచ్చింది. మా ఇళ్ళ పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవరు. ఒకామె సలహా ఇచ్చింది: నీ చీటీలన్నీ అరవ లిపిలో ఎక్కించు, పిల్లలు చదువుకుంటారు. ప్రయత్నించి చూశాను. అరవ లిపిలో క, గలకు ఒకటే అక్షరం. గంప, కంప ఒక్కలాగే కనబడతాయి. నెత్తిన పెట్టుకునేదేదో, కాలికి గుచ్చుకునేదేదో తెలిసేదెలా? ఇంట్లో ఆ మాట విన్నవాడికి తెలుస్తుంది. వినడం ఆగిపోయిన తరానికి తెలియదు. అది సేవ్ చేయడం కాదు, సగం చెరిపి సేవ్ చేయడం. అందుకని తెలుగు లిపి తెలుగు లిపిగానే ఉంచాను, ముఖ్యమైన చీటీల్లో చెప్పినవాళ్ళ గొంతు రికార్డు చేసిన ఫైలు ఎక్కడుందో రాసిపెట్టాను. గొంతులను కూడా ఈ ఫైలులోకే దూర్చవచ్చు గానీ పుస్తకం ఉబ్బిపోతుంది, సేవ్ చేసినప్పుడల్లా ఆ బరువంతా మోయాలి. బొమ్మలూ, ధ్వనులూ పక్క ఫోల్డరులో ఉంచుకోవడం మేలు. ఆ ఫోల్డరు కూడా పుస్తకంతోపాటే కదలాలన్నది మరిచిపోతే చీటీ మిగులుతుంది, గొంతు మిగలదు.

మాకు యాభై అరవై మైళ్ళ దూరంలోని తిరుమలలో అన్నమాచార్యుల కీర్తనలు రాగిరేకుల మీదకు ఎక్కాయి. చెదలు పట్టవు, నీళ్ళకు చెడవు. అంతకన్నా గట్టి సేవ్ ఆ కాలంలో ఇంకొకటి లేదు. అయినా శతాబ్దాలపాటు సంకీర్తన భాండాగారంలో ఎవరికీ పట్టకుండా పడున్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో తీసి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటివాళ్ళు చదివి, దిద్ది, పరిష్కరిస్తే లోకానికి అందాయి. అన్నమాచార్యులు రాసినవి ముప్పైరెండు వేలంటారు. దొరికినవి దాదాపు పన్నెండు వేలు. రాగిరేకు కూడా తెరిచి చూసేవాడు లేకపోతే మూసిన గదే.

కాబట్టి నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే. సేవ్ చేసిన ఫైలును ఆ ట్యాబులో కాక కొత్తగా తెరవాలి. ఇంకా మంచిది, వేరే కంప్యూటరులో తెరవాలి. చివరగా రాసిన చీటీ అందులో కనబడితేనే సేవ్ అయినట్టు. నేను చివర్లో రాసిన చీటీ పేరు పక్కనే ఒక కాగితం మీద రాసుకుని, పెన్‌డ్రైవులో వేసి, తిరుత్తణి పోయినప్పుడు మా తమ్ముడి కంప్యూటరులో తెరిచి చూస్తాను. వాడి ఫైలు నా దగ్గర, నా ఫైలు వాడి దగ్గర. పిచ్చాటూరు డ్యాము గేట్లెత్తితే ఆరణియారు మా వీధులకేసి చూస్తుంది. తిరుత్తణిలో ఆ భయం లేదు. 2015 వరదల్లో చెన్నై, కాంచీపురం, తిరువళ్ళూరు జిల్లాల్లో ఎందరో పట్టాలూ సర్టిఫికెట్లూ పోగొట్టుకుంటే, సర్కారు శిబిరాలు పెట్టి నకళ్ళు ఇచ్చింది. వాటి మూలాలు ఆఫీసుల్లో ఉన్నాయి గనక ఇవ్వగలిగింది. మన చీటీలకు ఏ ఆఫీసులోనూ మూలం లేదు.

పాస్‌వర్డ్ మాటొకటి. ఈ ఫైలుకు తాళం వేసుకునే వీలుంది. వేస్తే గట్టిగానే పడుతుంది. మరిచిపోతే తీసిచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు, అడగడానికి ఆఫీసూ లేదు. ఇంట్లోవాళ్ళ కోసం రాసుకునే పుస్తకానికి తాళం వేయకండి. తప్పనిసరైతే ఆ తాళం ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.

మీ దగ్గర ఇలాంటి ఫైలు ఉంటే ఇవాళ ఒక పని చేయండి. డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిచి, కాపీలను మార్చిన తేదీల వరుసలో పెట్టండి. అన్నిటికన్నా కొత్తదాన్ని తెరిచి, మీరు ఆఖరున రాసింది అందులో ఉందో లేదో చూడండి. ఉంటే దానికి ఇవాళ్టి తేదీతో పేరు పెట్టి, ఒక కాపీ మీ ఇంటి బయట, నమ్మకమైన మనిషి దగ్గర ఉంచండి. పాత కాపీలను మాత్రం వెంటనే చెరపకండి, ఒక నెల ఆగండి.